అత్త కోయలో అన్న మాట

మా మేనత్త పోయిందన్న కబురు ఈ శ్రావణంలో మా తమ్ముడు తెచ్చాడు. నేను పనిచేసే బడికే నేరుగా వచ్చి, "నిద్రలనే పోయిందట అక్కా. ఊరోళ్ళు మన కోసం ఆపిన్రు, జల్దీ పోవాలె" అన్నాడు. కట్టుకున్న చీరతోనే బస్సెక్కాను. ఒకప్పుడు ఆమెను గొడ్డలితో కొట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ దెబ్బకు పోని మనిషి నిద్రలో పోవడమేమిటని దారి పొడుగునా అదే ఆలోచన.

ఆమె మా నాన్నకు చెల్లెలు. మాది బోనకల్ దగ్గర మిరప పండించే కుటుంబం. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే, పుట్టింట్లో వంటగదికి పరిమితం కానని నర్సు ట్రైనింగ్ చేసింది. భద్రాచలం అవతల అడవిలో, ఒక కోయ ఊళ్ళో దవాఖానా నర్సుగా చేరి ఇక అక్కడే ఉండిపోయింది. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో మందులు, వెనక గదిలో ఆమె కాపురం. పిల్లలకు జ్వరం చూడాలంటే ముందు అరికాలు పట్టుకునేది, నుదుటి మీద చెయ్యి వేస్తే బెదురుతారని. సూది వేసే ముందు ఎంత రద్దీ ఉన్నా, ఎందుకు వేస్తున్నదో వాళ్ళ భాషలో చెప్పేది. "చెప్పి వేస్తే సూది బిడ్డా, చెప్పకుండ వేస్తే పొడుచుడే" అనేది నాతో.

ఎనభైల్లో నాకు ఎమ్మే ఎకనామిక్స్‌లో సీటు వచ్చింది. మెయిన్ సబ్జెక్టుతో పాటు ఇష్టమైతే మైనర్‌గా ఇంకొకటి చదువుకోవచ్చన్నారు. నా ముందు రెండు దారులున్నాయి, స్టాటిస్టిక్స్ ఒకటి, కోయ భాష ఒకటి. చిన్నప్పుడు అత్త దగ్గర గడిపిన వేసవుల వల్ల, భాష పట్టుబడకపోయినా, నా మనసు కోయ వైపు లాగేది. మా నాన్న మాత్రం, "బ్యాంకు వాళ్ళు కోయలో ప్రశ్నలడుగుతారా అమ్మా? లెక్కలు తీసుకో, ఉద్యోగమొస్తుంది" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. దసరా సెలవుల తర్వాత ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. అత్తనడుగుదామని బయలుదేరాను. తప్పకుండా కోయే తీసుకోమంటుందనుకున్నాను.

"నాకేం తెలుసు బిడ్డా" అంది పత్తి ఉండలు చుడుతూ. "నేను సదివి నేర్చిన్ననా? అవసరం పడ్డది, నేర్చిన. నీకు అవసరం లేకుంటే లెక్కలే తీసుకో. ఊకె పుణ్యానికి సదవకు."

మర్నాడు పొద్దున్నే ఒక కోయ ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి దవాఖానా మెట్ల మీద పడింది. నోటి నిండా నెత్తురు. ముందు పళ్ళు రాయితో కొట్టి ఊడగొట్టారు. అంతకు ముందు వారం ఆ ఊళ్ళో ఒక పిల్లవాడు మలేరియా తలకెక్కి చనిపోయాడు. ఈమె మంత్రం పెట్టడం వల్లే చనిపోయాడని పుకారు లేచింది. లేపింది బీడీలకు తునికాకు కొనే కల్లం గుమస్తా అని అత్త తర్వాత చెప్పింది. ఆకు కట్టల దగ్గర మోసాన్ని ఈమె నలుగురి ముందు నిలదీసిందట.

అత్త ఆమెను వెనక గదిలోకి లాగి, నన్ను తోడుంచింది. అంతలోనే కర్రలతో జనం వచ్చారు. ముందున్నది చనిపోయిన పిల్లవాడి తండ్రి. చేతిలో గొడ్డలి. అత్త తలుపు వేసుకోలేదు. గడపలో నిలబడి, అతని ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా కోయలో ఏదో అంది. అరుపులు ఆగిపోయాయి. అతను గొడ్డలి తిరగేసి, మొద్దు వైపుతో ఆమె భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వెనక గదిలోకి వినిపించింది. మోకాళ్ళ మీద కూలి కూడా ఆమె రెండో చేత్తో ద్వారబంధాన్ని వదల్లేదు. పక్కనుంచి ఇంకెవరో తల మీద కర్రతో బాదారు. నేను వెళ్ళి ఆమెను లోపలికి లాగబోతే నా మణికట్టు మీద పడిందొక దెబ్బ. ఆమె జుట్టులోంచి నెత్తురు కారి తెల్లచీర భుజమంతా తడిసింది. దాన్ని చూసి ఆ తండ్రి గొడ్డలి పారేసి నేల మీద కూలబడ్డాడు. నుదురు మట్టికి కొట్టుకుంటూ ఏడ్చాడు. అతని ఏడుపు వినలేక జనం ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

స్పృహ లేని అత్తను జీపులో భద్రాచలం పంపించారు. ఆ తర్వాత పోలీసులు వచ్చి, పళ్ళు ఊడిన ఆ కోయ ఆమెను ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆమెకు తెలుగు రాదు. వాళ్ళకు కోయ రాదు. తెలుగులోకి చెప్పడానికి ముందుకొచ్చింది ఆ గుమస్తాయే.

ఆమె చాలాసేపు చెప్పింది. నోరు చూపించింది, జుట్టు పట్టి ఈడ్చిన తీరు చూపించింది, మధ్యలో వేలెత్తి గుమస్తానే చూపించింది. అతను అంతా విని, "కల్లు తాగి బండ మీద పడ్డదంట సార్" అన్నాడు.

"అబద్ధం!" అని అరిచాను.

హెడ్ కానిస్టేబులు నావైపు తిరిగాడు. "ఆమె ఏమన్నదో నీకు సమజైందా?"

"లేదు."

"మరి?"

అతను రాసుకుంటూ పోయాడు. ఆమె మాత్రం, నాకు అర్థమైందనుకుందో ఏమో, నన్నే చూస్తూ ఇంకా చెబుతూనే ఉంది.

భద్రాచలంలో అత్తకు తెలివి రాగానే అడిగాను, గడపలో నిలబడి ఏమన్నావని. "నీ కొడుకు నా చేతులల్లనే పోయిండు, సూది వేసింది నేను, కొట్టాలంటే ముందు నన్ను కొట్టు అన్న" అని, కట్టు కట్టిన భుజం వైపు చూసుకుని, "కొట్టిండు" అంది. నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది.

మంచం మీద నుంచే ఆమె జరిగిందంతా పోలీసులకు చెప్పింది. కేసు నడిచింది కానీ నిలబడలేదు. ఆ కోయ ఆమె తన చెల్లెలి ఊరికి వెళ్ళిపోయి బతికింది. నేను యూనివర్సిటీకి తిరిగి వెళ్ళి కోయకు పేరిచ్చాను. బ్యాంకు ఇంటర్వ్యూలో "ఇదెందుకు చదివావమ్మా?" అని అడిగారు. ఉద్యోగం రాలేదు. మా నాన్న చాలాకాలం నాతో ముభావంగానే ఉన్నాడు. చివరికి అడవి ఊళ్ళ పిల్లలుండి చదువుకునే ఆశ్రమ పాఠశాలలో టీచరయ్యాను. చేరిన మొదటిరోజు ఒక పసివాడు కిటికీ ఊచలు పట్టుకుని అమ్మ కావాలని ఏడుస్తుంటే, వాడి కోయలోనే మీ అమ్మ ఆదివారం వస్తుందని చెప్పాను. వాడు ఏడుపాపి నన్ను ఎగాదిగా చూశాడు.

ఒక వానాకాలం అత్త దగ్గరున్నప్పుడు, ఆ రోజు గొడ్డలితో కొట్టిన తండ్రి వచ్చాడు. భుజాన జ్వరంతో కూతురు. లోపలికి రావడానికి మొహం చెల్లక చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు. ఆ దెబ్బతో అత్త కుడిచెయ్యి పైకి లేచేది కాదు. లోపలినుంచే కోయలో కేకేసింది. ఈసారి నాకు తెలిసింది. "కాళ్ళు తుడుచుకొని రా" అంది, అంతే. ఆ పిల్ల అరికాలు ఎడమచేత్తో పట్టుకుంది.

మొన్న మేం వెళ్ళేసరికి ముందు గదిలో ఆమెను పడుకోబెట్టారు. చుట్టూ కోయ ఆడవాళ్ళు కూర్చుని, బతికున్న మనిషితో మాట్లాడినట్టే ఆమెతో మాట్లాడుతున్నారు. బోనకల్ నుంచి వచ్చిన మా చుట్టాలు గోడ వారగా నిలబడ్డారు. మా నాన్న నా దగ్గరికి వచ్చి, "ఏమంటున్నారమ్మా?" అని అడిగాడు.

"మేకలు ఈనినయని చెప్తున్నరు నాన్నా. కోడలికి కొడుకు పుట్టిండని చెప్తున్నది ఆ ముసలమ్మ" అన్నాను.

"మరి ఆమె?"

అత్త తల దగ్గర కూర్చున్న ఒక ఆడమనిషి, ఆమె చెవికి దగ్గరగా వంగి, మెల్లగా అన్నమాటే మళ్ళీ మళ్ళీ అంటోంది. కొంచెంసేపు విని చెప్పాను.

"వాగు నిండుగ ఉన్నది, నిమ్మళంగ దాటమంటున్నది."