“చెడగొట్టినేది నేనే” అన్న సుభాషిణి గారు

సుభాషిణి గారు పరమపదించారన్న వార్త ఆఫీసు బస్సులో ఉండగా తెలిసింది. ముందురోజు నేను గీసిన కట్టడం నక్షా మీద ఎర్రగీతలు గీసి, “రేపు మాట్లాడదాంలే నాయనా” అని వెళ్ళిన మనిషి. కువైట్‌లోని రిగ్గై పేటలో తన ఇంట్లో నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నమ్మలేక ఆమె నంబరుకే ఫోన్ చేశాను.

కడప ఆడపడుచు. కువైట్‌లో పాత కట్టడాలను బాగుచేసే మా సంస్థలో వాస్తుశిల్పి, నాకు గురుతుల్యురాలు. యౌవనంలో ఇంగ్లండులో ఒక పల్లె చర్చి జీర్ణోద్ధరణలో పనిచేశారు. అంతమాత్రమే తెలిసిన నేను, మన తెలుగువాళ్ళు చేసిన సన్మానసభలో “ఇంగ్లీషువాళ్ళ చర్చిని కాపాడిన తెలుగు వనిత” అంటూ గొంతెత్తి పరిచయం చేశాను. చప్పట్లు మోగాయి. ఆమె మైకు అందుకున్నారు.

“కాపాడలేదు. ఆ గోడను చెడగొట్టినేది నేనే.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె మాత్రం పాఠం చెప్పినంత నిదానంగా ఆ చర్చిని వర్ణించారు: గంటగోపురం, మొనదేలిన కమానులు, కిటికీ పక్కన రాతిలో చెక్కిన దేవదూత. గోడలు మెత్తని ఇసుకరాతివి. వానకు తడిసిన గోడ రాళ్ళ మధ్యనున్న సున్నం గుండానే ఆరుతుంది.

“సున్నంతో అయితే ఆలస్యమైతాదని, చలి పడేలోపల పని ముగించాలని, సందులన్నిట్లో సిమెంటు పెట్టించినా. తప్పని తెలిసే చేసినా.”

నీరు లోపలే చిక్కి, చలికాలాల్లో గడ్డకట్టి, రాళ్ళు పెచ్చులూడాయి. దేవదూత ముఖం రాలిపోయింది. ముఖం లేని ఆ బొమ్మ ఫొటో తనకు చేరేనాటికి ఆమె కువైట్‌లో ఉన్నారు. ఇంత చెప్పి, శాలువా కప్పించుకోకుండానే వేదిక దిగిపోయారు.

ఆ తరువాత ఇక్కడే, సముద్రపు రాతితో కట్టిన ఒక పాత ఇంటి దగ్గర కాంట్రాక్టరు తొందరపెట్టాడు.

“యల్లా మేడం, సిమెంటు కొట్టి ఖలాస్ చేద్దాం.”

“నాతో ఇంగోసారి ఆ పని చేయించొద్దు.”

ఆమె సంతకం పెట్టలేదు. ఆ పని నుంచి ఆమెనే తప్పించారు. కానీ ఆమె సంతకం లేక సిమెంటు ఆగింది, ఆ గోడ సున్నంతోనే నిలిచింది.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో, ఇన్నేళ్ళకు ధైర్యం కూడగట్టుకొని ఆ పల్లెకు వెళ్ళారు. ప్రార్థన ముగిశాక అందరిముందూ నిలబడి తన పేరు, తన తప్పు చెప్పుకున్నారు. చర్చి బాగోగులు చూసే వృద్ధురాలు ఆమె చెయ్యి పట్టుకొని, లోపలికి తీసుకెళ్ళి టీ పోసి ఇచ్చిందట.

“తిట్టింటే బాగుండు నాయనా. ఆ టీ తాగేటప్పుడు ఇంగా సిగ్గైంది,” అన్నారు తిరిగొచ్చాక. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు నా వైపు లేవు.

అక్కా, ఈ రోజు ఆఫీసులో మీ గురించి నన్నే మాట్లాడమన్నారు. మహనీయురాలని పొగడబోయి ఆగాను. మీరుంటే లేచి సరిదిద్దేవారు. ఇక ఆ లేచేవారు లేరు.