తోడు అడిగిన మేడంగారు

మా సందులో గ్రంథాలయం అరుగు మీద ఒక నల్లబల్ల ఉంటుంది. పైన తెల్ల పెయింటుతో ‘రాబోయే కార్యక్రమాలు’ అని రాసి ఉంటుంది, దాని కింద సుద్దముక్కతో ఎప్పటికప్పుడు రాస్తుంటారు. పోయిన సోమవారం పొద్దున బియ్యం కడుగుతూ వంటింటి కిటికీలోంచి చూస్తే ‘సంతాప సభ, ఆదివారం సాయంత్రం’ అని కనిపించింది. ఎవరికా అని చదివాను. మా పాత లైబ్రేరియన్ మేడంగారికి. తెనాలిలో వాళ్ళ అన్నగారింట్లో పోయారట, అప్పటికే మూడో రోజట. కడిగిన బియ్యాన్నే మళ్ళీ కడిగాను.

ఆవిడే ఉంటే ఆ బల్ల మీద ఆ మాట రాయనిచ్చేవారు కాదు. “అయిపోయిన మనిషిని రాబోయేవాటిలో రాస్తారేంటండీ?” అని అప్పటికప్పుడు తుడిపించేవారు.

ఇప్పుడున్న లైబ్రేరియన్ కుర్రవాడు, మర్యాదస్తుడు. కిటికీ దగ్గరికి వచ్చి, “సభలో మీరు రెండు మాటలు మాట్లాడాలండి. ఆవిడ సంగతి మీకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఎవరికి తెలుసండి?” అన్నాడు. చూస్తానండి అన్నాను. చూడడానికేముంది? మా అత్తగారు ఏడాదిగా మంచంలో ఉన్నారు. సాయంత్రమయ్యేసరికి నేను కళ్ళకి కనపడకపోతే చిన్నపిల్లలా బెంబేలు పడిపోతారు. మా వారు కొట్టు కట్టేసి వచ్చేది చీకటి పడ్డాకే. సందు దాటితే గ్రంథాలయం. ఆ సందు నేను దాటలేను. అందుకని అక్కడ చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

నేను కొలకలూరు పిల్లని. ఎనభైల నడుమ రేపల్లెకి కోడలిగా వచ్చాను. ఇంటరు మధ్యలోనే చదువు ఆగిపోయింది. ఈ ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, తిండికీ బట్టకీ లోటు చెయ్యలేదు. మా వారు ఎరువుల కొట్లో గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. నన్ను గడప దాటనివ్వలేదు, అంతే. అలాగని ఎవరూ గట్టిగా అన్నదీ లేదు. “ఇప్పుడు బయట పనేంటమ్మా?” అని మా అత్తగారు మెల్లిగా అడిగేవారు. నేను మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. గుడికి వెళ్తే ఆవిడ వెనకాల, పుట్టింటికి వెళ్తే మా వారి వెనకాల. మిగతా పొద్దంతా వంటిల్లు.

ఆ వంటింటి కిటికీలోంచి నాకు కనిపించేది సందు, అవతల గ్రంథాలయం అరుగు, దాని మీద నల్లబల్ల. బల్ల వీధి వైపు తిరిగి ఉండేది, అన్నం ఉడికేలోగా మెడ సాచి పక్కనుంచే అది చదివేదాన్ని. పిల్లలకి చిత్రలేఖనం పోటీ. పాముకాటు మీద డాక్టరుగారి ఉపన్యాసం. పుస్తకాల ప్రదర్శన. తెనాలి భాగవతారుగారి హరికథ. ఆ హరికథకి వేమూరు నుంచి జనం బళ్ళు కట్టుకుని వచ్చారు. సందుకి ఇవతల ఉన్న నేను మాత్రం పోపు వేస్తూ సగం విన్నాను, చిటపటల్లో సగం పోయింది. ఆ రాత్రి ఉక్రోషంతో ఏడ్చాను కూడా. రాబోయేవన్నీ వస్తున్నాయి, పోతున్నాయి, నేనే ఎక్కడికీ పోవటం లేదు అనిపించేది.

ఒకరోజు చూద్దును కదా, నల్లబల్ల మా కిటికీకి ఎదురుగా తిరిగి ఉంది. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ మాస్టారు ముందు గమనించారు.

“మేడంగారూ, బల్ల అటు తిరిగిపోయిందండి. జనానికి కనపడొద్దూ?”

“జనానికే పెట్టానండి, మాస్టారూ.”

“అటు గోడ తప్ప ఎవరున్నారండీ?”

మేడంగారు లోపలికి వెళ్ళిపోయారు. నావైపు చూడను కూడా లేదు. అంతకు ముందు ఆవిడా నేనూ ఒక్క మాట మాట్లాడుకున్నది లేదు. నేను కిటికీ దగ్గర నిలబడి చదువుతుంటానని ఆవిడ ఎప్పుడు పసిగట్టారో నాకు తెలియదు.

ఆవిడది బాపట్ల దగ్గర పిట్టలవానిపాలెం. ఉద్యోగం వచ్చాక తెనాలిలో అన్నగారింట్లో ఉంటూ రోజూ పాసింజరు బండిలో వచ్చి వెళ్ళేవారు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో ఊళ్ళో తలా ఒక కారణం చెప్పేవారు, ఆవిడ ఒక్కటీ చెప్పలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చీర కుచ్చిళ్ళకి ఎప్పుడూ సుద్దపొడి. మైదా జిగురు తనే కాచి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, చిరిగిన పుస్తకాలు అతికించేవారు. తిరిగొచ్చిన పుస్తకాన్ని ముందు వాసన చూసేవారు. “ఇది ఎండుచేపల కొట్టువారింటికి వెళ్ళొచ్చింది, ఇది పూజారిగారింటికి” అని నవ్వుకుని, రెంటినీ పక్కపక్కనే ఎండకి పెట్టేవారు.

గ్రంథాలయం పొద్దున కాసేపు, మళ్ళీ సాయంత్రం కాసేపు తెరిచేవారు. మధ్యలో తెనాలి వెళ్ళి రావడానికి బండి కుదరదు. అందుకని మధ్యాహ్నమంతా ఆవిడ లోపల గడియ పెట్టుకుని, క్యారియరులో తెచ్చుకున్న అన్నం తిని, బల్ల మీద నడుం వాల్చేవారు. ఒకరకంగా ఆవిడా నాలాగే లోపల మనిషే.

ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. మా అత్తగారు పీట వేశారు.

“పిన్నిగారూ, మీరొక సాయం చెయ్యాలండి. మధ్యాహ్నాలు ఆ భవనంలో ఒక్కదాన్నే ఉండాలంటే గుండె దడగా ఉంటోంది. మొన్న ఎవరో తలుపు తట్టారు కూడాను. మీ కోడల్ని కాసేపు తోడుకి పంపుతారేమో అని.”

నన్ను పుస్తకాలు చదువుకోవడానికి పంపమని అడిగి ఉంటే మా అత్తగారు ‘ఇప్పుడు పనేంటమ్మా’ అనేవారు. తోడు అడిగేసరికి ఆవిడకి ఆ ప్రశ్న తోచలేదు. ఆడమనిషి ఒంటరిగా ఉన్నాను, తోడు కావాలి అంటే మా వైపు కాదనే ఇల్లు లేదు.

“అయ్యో, ఒక్కదానివే ఎలా ఉంటన్నావమ్మా ఇన్నాళ్ళూ! పంపుతా. అయితే తాళం బయటినించి నేనేస్తా. నాలుగింటికి వచ్చి నేనే తీస్తా. ఎవడొచ్చి తడతాడో చూద్దాం,” అన్నారు మా అత్తగారు.

అన్నట్టే చేశారు. మర్నాటినుంచి మా ఇద్దర్నీ లోపల పెట్టి, గొళ్ళెం వేసి, తాళం లాగి చూసి మరీ వెళ్ళేవారు. ఆ చప్పుడుకి మేడంగారు మొదటిరోజు పడీపడీ నవ్వారు.

“నిజంగా ఎవరన్నా తలుపు తట్టారాండీ?” అని అడిగాను.

“తట్టారమ్మాయ్. మాస్టారు. కళ్ళజోడు మర్చిపోయి.”

తర్వాత క్యారియరు మూత తీస్తూ, “సెలవడిగితే ఇవ్వరు. సాయమడిగితే కాదనలేరు,” అన్నారు.

తాళం వేసిన ఆ గదిలోనే నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఇంట్లో తలుపులన్నీ తీసే ఉంటాయి, నేను కదలలేను. ఇక్కడ బయట తాళం, లోపల నాకు అడ్డం లేదు. బీరువాలన్నీ తీసి పెట్టి, “నీ ఇష్టం, ఏదన్నా తీసుకో, కానీ పైకి చదువు,” అనేవారు మేడంగారు. తను బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకునేవారు. నా గొంతు కాస్త తగ్గితే చాలు, “వినపడట్లేదు, నిద్రపోతాను సుమా,” అనేవారు. ఇంట్లో మెల్లిగా మాట్లాడి మాట్లాడి నా గొంతు అడుగంటిపోయింది. దాన్ని పైకి తేవడానికి ఆవిడకి చాలాకాలం పట్టింది.

ఆ ఏడు కార్తీకంలో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. ఆఖరి రోజు స్త్రీల సభ పెడుతున్నానని, అందులో నేను కథ చదవాలని మేడంగారు అన్నారు. నేనెప్పుడూ పదిమందిలో నిలబడి ఎరగను. అయినా ఒప్పుకున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తాళం లేని వేళ, దీపాలు వెలుగుతుండగా, నా కాళ్ళతో నేను నడిచి ఆ హాల్లోకి వెళ్ళి నిలబడాలని ఉండేది. అంతకు మించి నేను ఏదీ కోరలేదు. అది తప్పితే ఇంక జన్మలో ఎక్కడికీ వెళ్ళనని కూడా అనిపించింది.

మా అత్తగారిని ఒప్పించడమెలా? మేడంగారు ఇంటికి వచ్చి నా ఊసే ఎత్తలేదు.

“స్త్రీల సభకి పెద్దదిక్కుగా మీరు అధ్యక్షత వహించాలి, పిన్నిగారూ.”

“నాకు అక్షరమ్ముక్క రాదు గదమ్మా!”

“అధ్యక్షులు చదవక్కర్లేదండి. కూర్చుంటే చాలు.”

మా అత్తగారు రెండు రోజులు వద్దంటూనే పట్టుచీర ఎండకి వేశారు. నల్లబల్ల మీద ఆవిడ పేరు, దాని కింద ‘కథాపఠనం’ అని నా పేరు పడ్డాయి. రిక్షాలో మైకు పెట్టి ఊరంతా చెప్పారు. అత్త అధ్యక్షురాలైన సభకి కోడలు రావడానికి అడ్డమేముంది? మేడంగారి లెక్క అది.

సభ రోజు మధ్యాహ్నం మా అత్తగారు తల దువ్వుకుంటూ, మామూలుగానే అన్నారు: “నేనటు పోతన్నా గదా, తులసికోట దగ్గర దీపం నువ్వు పెట్టు. అసలే కార్తీకం. దీపాలవేళ ఇంటికి తాళం పెట్టకూడదు, ఇల్లు ఇడిసి కదలకు.”

సభ సరిగ్గా దీపాల వేళకే. తెనాలి నుంచి రావలసిన అతిథి దిగేది సాయంత్రం బండికి, అందుకని ఆ వేళ పెట్టారు. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం. ఒకరు సభలో కూర్చుంటే ఒకరు ఇంట్లో ఉండాలి. ఆవిడ్ని వేదిక ఎక్కించి, నన్ను మేడంగారే ఇంటికి కట్టేశారు. అందులో మా అత్తగారి తప్పేమీ లేదు, ఆవిడ కావాలని చేసిందీ కాదు.

పరుగెత్తి కిటికీలోంచి చెప్పాను. మేడంగారు నుదురు కొట్టుకున్నారు. “నా మతి మండా! ఇన్నేళ్ళుగా దీపాలవేళ నేను ఈ గ్రంథాలయంలోనే. తెనాలిలో మా వదిన పెడుతుంది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ వేళ కదల్లేరన్న సంగతే మర్చిపోయానమ్మాయ్.” ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూసింది అప్పుడే. నేను మాత్రం ఏడవలేదు. ఇలాగే జరుగుతుందని లోపల ఎక్కడో తెలుసనుకుంటాను.

సాయంత్రం మా అత్తగారు పట్టుచీర కట్టుకుని సందు దాటారు. నేను దీపం పెట్టి, ఎసరు పెట్టి, పొయ్యి దగ్గర కూర్చున్నాను. అవతల చప్పట్లు వినపడుతున్నాయి. అతిథి మాట్లాడటం అయిపోయింది. అంతలో కిటికీ దగ్గర, “ఇదుగో, పట్టుకో,” అని మేడంగారి గొంతు. ఊచల మధ్యనుంచి మైకు లోపలికి వచ్చింది.

“వైరు చాలదండి మేడం, కిందకి ఇడిస్తే సైకిళ్ళు తొక్కేత్తయ్యండి!” అని మైకువాడు అరుస్తున్నాడు.

“నేను చూసుకుంటాలే. నువ్వు చదువమ్మాయ్.”

మసిచేతులు చీరకి తుడుచుకుని, సభ కోసం తెచ్చుకున్న కథల పుస్తకం కిటికీ గట్టు మీద తెరిచి పెట్టి, మైకు పట్టుకున్నాను. మొదటి మాట నా నోట్లోంచి వచ్చి, బయట స్పీకర్లోంచి ఊరంతా వినపడింది. అది నా గొంతని నమ్మడానికి కాస్త టైము పట్టింది. హాల్లో ఎవరున్నారో, ఎవరు వింటున్నారో నాకు కనపడదు. తర్వాత చెప్పుకున్నారు, మా అత్తగారు ఉలిక్కిపడి, “మా కోడలు గొంతే! అన్నం వార్చిందో లేదో అడగండి,” అన్నారని, అది కూడా హాల్లో అందరూ విన్నారని.

చదువుతూ చదువుతూ ఒకసారి తలెత్తాను. సందు మధ్యలో పొట్టి స్టూలు మీద మేడంగారు నిలబడి ఉన్నారు. వైరుని రెండు చేతులతో తలకి పైన ఎత్తి పట్టుకున్నారు. ఆవిడ చేతుల కిందనుంచి సైకిళ్ళు వెళ్తున్నాయి. ఒక అరటిగెలల రిక్షా వచ్చి ఆగింది. గెలలు తగులుతాయని మేడంగారు మునివేళ్ళ మీద లేచారు. రిక్షావాడు తలొంచుకుని మెల్లిగా దాటించుకుని, కాస్త అవతల ఆపి, కథ వింటూ నిలబడ్డాడు. ఆవిడ పైట భుజం మీంచి జారింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కథ అయిపోయింది. అవతల హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. మైకుని ఊచల్లోంచి బయటికి పెట్టి, “అయిపోయిందండి, ఇంక దించెయ్యండి,” అన్నాను. నా మాట స్పీకర్లో కూడా వినపడింది.

మేడంగారు చేతులు దించలేదు. అలాగే పైకి పట్టుకుని నావైపు తిరిగి, “ఇంకోటి చదువమ్మాయ్,” అన్నారు.