బొరుగులప్ప గుండు

మంచుకొండల కింది శిబిరంలో నేను దిగింది మధ్యాహ్నం రెండు గంటలకు. ఎముకలు కొరికే చలి. తెల్లకోటు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, కిరోసిన్ పొయ్యి ఇచ్చారు. అవి రెండువేల దశకం మొదటి ఏళ్లు. మా సిగ్నల్స్ గుడారంలో ఒక కంప్యూటరు ఉండేది. జవాన్లు ఇంటికి ఈమెయిలు పంపుకోవచ్చు. పోయేదీ వచ్చేదీ ముందు మేం చదవాలి, శిబిరం జాడ బయటికి పొక్కకూడదు. నాది పుంగనూరు కాబట్టి తెలుగువన్నీ నా వంతు. గోడలకు చెవులుంటాయంటారు. మా గుడారానికి కళ్లు కూడా ఉండేవి. అవి నావే.

ఆ కంప్యూటర్లో తెలుగు అక్షరాలు పడేవి కావు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేవాళ్లు. మా డ్రైవరుది కుప్పం. అతని భార్య ప్రతి ఆదివారం బస్టాండు పక్క నెట్ సెంటరులో కూచుని రాసేది.

"నీ సొక్కా తలకింద పెట్టుకోని పండుకుంటాండా."

"మన బొరుగులప్ప ఈ పొద్దు గూడా అన్నం ముట్టలా. ఈ పేరు నీకూ నాకే. మీ అమ్మ వింటే తిడతాది."

బొరుగులు, అదే మరమరాలు, తప్ప ఇంకేదీ తినని కొడుక్కి ఆమె పెట్టుకున్న ముద్దుపేరది. బయట మంచు పడుతుంటే కళ్లు మూసుకునేవాణ్ణి. కుప్పంలో గ్రానైటు కోసే రంపాల చప్పుడు, రేకుల మీద వాన, బొరుగుల డబ్బా మూత తీసిన శబ్దం. పెళ్లికాని నాకు ఆ ఇల్లు నాదే అనిపించేది. ఎంతో హాయిగా ఉండేది.

ఒకసారి ఆమె, "నువ్వు వచ్చినాకే గుండు" అని రాసింది. నేను చదివినవాటిని మళ్లీ తనిఖీ చేసే మా కెప్టెన్ ఉత్తరాది మనిషి. నిఘంటువు తిరగేస్తే గుండు అంటే తూటా అని ఉంది. ఆయన అదేదో బెదిరింపు అనుకుని డ్రైవరు సెలవు ఆపేశాడు.

"సాబ్, అది పిల్లవాడి పుట్టువెంట్రుకలు తీయించడం" అని నా నెత్తి మీద చెయ్యి తిప్పి చూపించాను. ఆయన నవ్వి సంతకం పెట్టాడు. నాకు గర్వంగానే ఉండింది.

డ్రైవరు వచ్చి అడిగాడు. "అన్నా, లీవు యాల ఆపినారో? మేం రాసుకునేవి ఎవురన్నా సదువుతాండారా?"

చెప్పకూడదని ఆర్డరు. "మిసన్ సదువుతాది అప్పా" అన్నాను.

"మిసన్ అయితే పోనీలే. దానికి సిగ్గా ఎగ్గా" అని నవ్వుకుంటూ పోయాడు.

నా గడువూ అప్పుడే ముగిసింది. ఇద్దరం కలిసే రైలెక్కాం. కుప్పం స్టేషనులో అతని భార్య నిలబడి ఉంది. చంకలో పిల్లవాడు, భుజాల దాకా జుట్టు. సొంత ఇంటికి వచ్చినట్టే వంగి పలకరించాను.

"ఏం బొరుగులప్పా, మీ నాయన వచ్చినాడు సూడు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ పేరు నువ్వు సెప్పినావా?" అని భర్తను అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. నా వైపు తిరిగాడు.

"మిసన్ అంటివి గదన్నా" అన్నాడు మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె కొంగు లాగి పిల్లవాణ్ణి జుట్టుతో సహా కప్పేసింది. నేను పుంగనూరు బస్సెక్కాను.

తర్వాత మదనపల్లెలో నెట్ సెంటరు పెట్టుకున్నాను. ప్రతి కంప్యూటరుకూ ఒక తెర కట్టించాను. ఇదేం చాదస్తమప్పా అని జనం ఎగతాళి చేస్తారు. ఎవరైనా వచ్చి తెర లాక్కున్నప్పుడల్లా నాకు ఆ కొంగే కనిపిస్తుంది. దాని అంచు కింద, బొరుగులు గట్టిగా పట్టుకున్న ఒక చిన్న పిడికిలి.