కడియాల నీళ్లు

పోచంపల్లి సిద్దిరాములు నూలుకు రంగులు వేసేవాడు. మొండి మనిషి. రంగు ఎంత ముదిరితే పని అంత బాగా కుదిరినట్టని అతని లెక్క.

1958 ఎండాకాలంలో భార్య రాజమణి కళ్లు ఎర్రబడి పుసులు కట్టాయి. దవాఖానకు పోదామని ఆమె అంటే సిద్దిరాములు వినలేదు. వెండి దిగిన నీళ్లు కళ్లకు మందని సంతలో మందులమ్మేవాడు చెప్పాడని ఆమె వెండి కడియాలు రెండూ నీళ్లలో ముంచి, వాటికి టార్చిలైటు బ్యాటరీల తీగలు కలిపాడు. వాననీళ్లే వాడాలనీ, తేటగా లేకపోతే పారబోయాలనీ కూడా వాడు చెప్పాడు.

"ఎండాకాలం వాననీళ్లు యాడికెల్లి తేవాలె?" అని సిద్దిరాములు బావినీళ్లే పోశాడు. అవి పాలలా తెల్లబడి, ఎండ తగిలి నల్లబడ్డాయి.

"జూడు, మందు ఎంత మంచిగ దిగిందో!" అని మురిసిపోయి, రోజూ అవే ఆమె కళ్లలో వేశాడు.

చివరికి దవాఖానలో డాక్టరు తిట్టాడు. "బావినీళ్లలో ఉప్పు వెండితో కలిసి తెల్లటి మడ్డి అయింది. వెలుతురుకు నల్లబడింది. అది మందెట్లా అవుతుందయ్యా?"

అప్పటికే ఆమె చూపు పోయింది.

తర్వాత కూడా రాజమణి ఎప్పటిలాగే, రంగు అంటకూడని చోట నూలుకు తడుముకుంటూ ముడులు కట్టేది. ఒకరోజు సిద్దిరాములు పాత అలవాటు కొద్దీ, రంగు వేసిన నూలు ఆమె ముందు పట్టుకుని, "ఎట్లున్నది?" అన్నాడు.

"నువ్వే జూసుకో," అంది రాజమణి. "రంగులు నీకే ఎరుక గద."