పెళ్లి క్యాసెట్‌కు సౌండు వైరు

పక్షవాతం వచ్చాక నాన్నకు మాట పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు దుబాయి నుంచి వచ్చిన మా చిన్నాన్న ఒక వీసీఆర్ ఇచ్చి వెళ్లాడు. దాన్ని చూసినప్పటి నుంచి అమ్మకు ఒకటే కోరిక. వీసీఆర్ లేక ఇంతవరకు చూడని చెల్లి పెళ్లి క్యాసెట్ పెట్టి, అందులో నాన్న మాటలు వినాలి.

ఏంటెన్నా వైరు వీసీఆర్ నుంచి టీవీకి తగిలిస్తే బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు. పందిట్లో నాన్న చేతులు ఊపుతూ ఎవరినో పిలుస్తున్నాడు. నోరు కదులుతోంది, అంతే. మంచం మీది నాన్న రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఎవర్నన్న అడుగు బిడ్డా" అంది అమ్మ.

అప్పటికే నా సాయంత్రాలన్నీ మందుల షాపులకూ బస్టాపులకూ పోతున్నాయి. అయినా నారాయణగూడలో టీవీలు బాగుచేసే ఒక కొట్లోకి వెళ్లి చెప్పాను.

"వీసీఆర్ బయటి దేశంది కదా అక్కా, దాని సౌండు మీ టీవీ పట్టదు" అన్నాడు కొట్టాయన. "ఇంట్ల టేప్‌రికార్డర్ ఉందా? బొమ్మ టీవీల చూడుర్రి, సౌండు దాంట్ల ఇనుర్రి."

ఆయన ఇచ్చిన వైరు ఒక కొస వీసీఆర్‌కు సరిపోయింది. రెండో కొస లావు. టేప్‌రికార్డర్‌కు మైకు తగిలించే చోట ఉన్నది ఇయర్‌ఫోను పిన్ను పట్టేంత సన్నటి రంధ్రం. మర్నాడు వెళ్తే ఆ కొట్టు షట్టర్ వేసి ఉంది. చిక్కడపల్లి దాకా నడిచాను. ఒకచోట లేదన్నారు. ఇంకోచోట ఇచ్చిన వైరు ఇంటికి తెచ్చి పెడితే బుర్రుమని మోత తప్ప మాట లేదు. అమ్మ టీవీ ఆపి నాన్నకు అన్నం కలపడానికి వెళ్లింది. నన్ను నాలుగు మాటలంటేనే బాగుండేదనిపించింది.

చివరికి లైబ్రరీ దగ్గర రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన రెండు వైర్లూ చూసి, "కోసి అతికిస్తనమ్మా, జర కూసో" అన్నాడు. స్టూలు మీద కూర్చున్నదాన్ని గోడకు తల ఆనించి నిద్రపోయాను. ఆయన లేపితేనే లేచాను.

ఆ సాయంత్రం టేప్‌రికార్డర్‌లోంచి సౌండు వచ్చింది. సినిమా పాట! వీడియో తీసినవాళ్లు క్యాసెట్ పొడుగునా పాటలు ఎక్కించారు. తలంబ్రాలకు ఒకటి, అప్పగింతలకు ఒకటి. నాన్న కనిపించిన ప్రతిచోటా పాటే. వంగి వైరు పీకేయబోయాను.

"ఉండు" అంది అమ్మ.

భోజనాల దగ్గర పాట అయిపోయింది. తర్వాతది మొదలయ్యే లోపు, గిన్నెల చప్పుడు మధ్య నాన్న గొంతు వినిపించింది. "అందరు తిన్నరా? డ్రైవర్లను గుడ పిలువుర్రి."

అమ్మ వెనక్కి తిప్పమంది. తిప్పాను. మళ్లీ తిప్పమంది. ఈసారి మంచం మీది నాన్న ఎడమచెయ్యి ఎత్తాడు. చాలన్నట్టు ఊపి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అమ్మ గబగబా లేచి స్విచ్ ఆపేసింది. "తప్పయింది" అంటూ ఆయన పక్కన కూర్చుని, కదలని కుడిచేతిని ఒళ్లోకి తీసుకుంది. నేను పక్క గదిలోకి వెళ్లి, చీరైనా మార్చుకోకుండా పడుకున్నాను.

ఆయన ముందు ఆ క్యాసెట్ మళ్లీ పెట్టలేదు. కానీ అమ్మను ఇంట్లో ఉంచి, వ్యాయామం చేయించడానికి నాన్నను నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చిన రోజుల్లో, టీవీ మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉండేది.