తలుపుకు కట్టిన కంబి

ప్రభువు నామంలో సంఘానికి వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, నేను ఏడ్చి సాక్ష్యం చెప్పే మనిషిని కాను, మిషన్ల మధ్య బతికినవాణ్ణి, జరిగింది జరిగినట్టు చెప్పడమే నాకు తెలుసు, అందుకే నా చీకటి రోజులతోనే మొదలుపెడతాను. ఆ రోజుల్లో నా కుడి చెయ్యి నా మాట వినేది కాదు.

మాది వాషర్‌మెన్‌పేట్. తొంభైలలో అంబత్తూరు వైపు ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మోల్డ్ సెట్టర్‌గా ఉండేవాణ్ణి. మగ్గులు, సబ్బు పెట్టెలు పోసే ఉక్కు అచ్చును గొలుసులతో ఎత్తి మిషన్‌కు బిగించడం, వేడీ ఒత్తిడీ సరిచేస్తూ మంచి పీసు వచ్చేదాకా దాన్ని దారికి తేవడం నా పని. అచ్చు రెండు సగాలుగా ఉంటుంది, మూసుకుంటే కరిగిన ప్లాస్టిక్ లోపలికి పోతుంది, తెరుచుకుంటే పీసు రాలుతుంది, ఒకవేళ ఇరుక్కుంటే సెట్టరే చెయ్యి పెట్టి ఇత్తడి కడ్డీతో తియ్యాలి, ఇనుముతో పొడిస్తే అచ్చు గీసుకుపోతుంది కదా! మిషన్ ముందు ఒక తలుపు, దానికొక స్విచ్ ఉంటాయి, తలుపు తెరిస్తే ఆ స్విచ్ పైకి లేచి అచ్చు కదలకుండా ఆపెయ్యాలి. కానీ ప్రతి పీసుకూ తలుపు తీసి వెయ్యడం ఆలస్యమని, ఆ తలుపు స్విచ్‌ని కంబితో, అంటే ఇనుప తీగతో, నొక్కి కట్టేసేవారు, దాంతో తలుపు తెరిచి ఉన్నా అచ్చు ఆడుతూనే ఉండేది. నేను చేరకముందు నుంచీ అంతే, ఎవరూ దాన్ని తప్పనుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఇరుక్కున్న మూత తీస్తుండగా అచ్చు మూసుకుంది. చెయ్యి ఎలా వెనక్కి వచ్చిందో నాకు తెలియదు, కడ్డీ మాత్రం లోపలే ఉండిపోయి అప్పడమైపోయింది. అచ్చుకు గుంట పడిందని చాలామంది బాధపడ్డారు, నా వేళ్ళు ఉన్నాయా లేవా అని చూసినవాళ్ళు తక్కువ.

మర్నాటి నుంచి ఆ తలుపు దగ్గరికి వెళ్తే చాలు, చెయ్యి కొయ్యబారిపోయేది. ఇంట్లో అన్నం కలుపుకుంటున్నా వణుకే, చొక్కా గుండీలు కూడా నా భార్య మార్తే పెట్టేది. నరాల్లో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. చెయ్యి పెట్టలేని సెట్టర్‌ని ఎవరు ఉంచుకుంటారు? నాకు ఇంకో పని రాదు. శుక్రవారాలు ఉపవాసం ఉండి, "ప్రభువా, ఈ పిరికితనాన్ని నాలోనుంచి తీసెయ్యి తండ్రీ" అని మోకాళ్ళ మీద బతిమాలుకున్నాను, అది పోలేదు సరికదా ఇంకా ముదిరింది. దేవుడి మీద కోపం కూడా వచ్చింది!

మా సంఘంలో టిఫిన్ కొట్టు నడుపుకొనే సారమ్మ అక్క ఉండేది. సంగతంతా అడిగి తెలుసుకోనిదే ఆమె ఎవరి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థించదు. "ఏమడగాల్నో తెలీకుండా దేవుణ్ణి ఏమడిగేది తమ్ముడూ, ఆ మిషను సంగతి మొత్తం చెప్పు" అంది. తలుపు, స్విచ్, కంబి అన్నీ చెప్పాను. ఆరాధన అయ్యాక అందరి ముందూ నా తల మీద చెయ్యి పెట్టి, "యేసయ్యా, ఈ బిడ్డ భయాన్ని తీసెయ్యొద్దు సామీ, ఆ భయమే గదా వాని చేతిని యెనక్కి లాగింది! ఆడ కట్టుండే కంబిని విప్పించు, నోరు తెరిచి అడిగే ధైర్యం వానికియ్యి" అని ప్రార్థించింది. నాకు ఆమెన్ అనబుద్ధి కాలేదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

మర్నాడు మా ముదలాళి, అంటే ఫ్యాక్టరీ యజమాని, దగ్గరికి వెళ్ళి, కంబి ఉంటే నేను చెయ్యి పెట్టనని చెప్పేశాను. ఆయన షావుకారుపేట నుంచి వచ్చిన తెలుగువాడే, చెడ్డవాడేం కాదు, కానీ మండిపడ్డాడు. "ఊరంతా ఇట్లనే గదప్పా నడుపుతా ఉండేది, నీకొక్కనికే భయమా? చేస్తే చెయ్యి, లేకుంటే ఇంటికి పో!" అంటూ మిషన్ దగ్గరికి నడిచాడు. "ఏముండాదిరా ఈడ, చూడు" అని చొక్కా చెయ్యి మడిచి, కదులుతున్న అచ్చు వైపు చెయ్యి చాపాడు. సహోదరులారా, ఆ క్షణంలో నా గురించి నేను మరిచిపోయాను, "ప్రభువా, ఆ చెయ్యి లోపలికి పోనియ్యకు" అని మాత్రమే అడిగాను. ఆయన చెయ్యి తలుపు దగ్గరే ఆగిపోయింది. ముందుకు వంగాడు, మళ్ళీ ఆగాడు. ముఖానికి చెమట పట్టింది. నాకిచ్చిన భయాన్నే దేవుడు ఆయనకూ ఇచ్చాడు!

చొక్కా చెయ్యి దించుకుంటూ, "ఆ కంబి ఇప్పెయ్యి. అన్ని మిషన్లకీ ఇప్పెయ్యి" అన్నాడు, నా ముఖం చూడకుండా. మిషన్ ఆపి, కటింగ్ ప్లయర్‌తో నేనే కంబి కత్తిరించాను. మళ్ళీ మిషన్ నడిపి తలుపు తీస్తే అచ్చు నిలిచిపోయింది. వణుకుతూనే చెయ్యి పెట్టి, ఇరుక్కున్న పీసు తీశాను. వణుకు రోజురోజుకూ తగ్గింది, గుండీలు నేనే పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఆ భయం పూర్తిగా పోయిందా అంటే పోలేదు, కొంచెం ఉంది, దాన్ని తీసెయ్యమని నేనిక అడగను. నా ప్రియులారా, మీలో ఎవరైనా ఏదో భయం పోవడం లేదని విసిగిపోయి ఉంటే, అది దేన్ని చూసి భయపడుతోందో చూపించమని ఒక్కసారి ఆయన్ని అడగండి, ఆయన చూపిస్తాడు, నమ్మండి. నేను మొరపెట్టకముందే నా చేతిని వెనక్కి లాగినవాడు ఆయనే. ఆ చెయ్యి ఎత్తే చెబుతున్నాను, మహిమ దేవునికే!