కొంగ మీదే కెమెరా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: బంతి నా కాళ్ల దగ్గరుంటేనే భద్రంగా ఉంటుందని. కోరుట్లలో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు అంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మా బడి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ముందు వరుసలో ఇద్దరం ఆడేవాళ్లం. ఒకదాన్ని నేను. రెండోది, పొడుగు కాళ్లతో గోలు పక్కన నిలబడి బంతి కోసం ఎదురుచూసే నా దోస్తు. దాన్ని అందరూ కొంగ అనేవారు. (ఆ పేరు పెట్టింది నేనే. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.) పరుగంతా నాది, చివర్లో చేపను ముక్కున కరుచుకోవడానికి దానిది కొంగజపం అని నా ఉద్దేశం. సిరిసిల్ల పిల్లల చేతిలో ఓడిపోయిన రోజు ఆ కోపమంతా మా పీఈటీ సారు ముందు కక్కేశాను. "ఎవలకియ్యాలె సార్? ఒక్కలన్న ఖాళీగ లేరు. గీ కొంగైతే కనబడనే కనబడది." కొంగ బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చుంది.

మరుసటి వారమే జగిత్యాలలో ఆట. అది గెలిస్తేనే పోటీలో మిగులుతాం. "మీ ఇద్దర్ల ఒకల్ని తీసి వేరేటోళ్లను ఆడిస్త. ఎవలన్నది వీడియో సూసినంక చెప్త" అన్నారు సారు. పెద్ద పెద్ద జట్లు తమ ఆటను తామే చూసుకుని తప్పులు దిద్దుకుంటాయని ఆయన ఎక్కడో తెలుసుకుని, సిరిసిల్ల ఆటను తీయించారు. బడిలో అలాంటి ఊసెత్తిన మొదటి మనిషి ఆయనే. తీసింది మాత్రం ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే మామ. జట్టులోంచి తీసేసేది కొంగనే అన్నదాంట్లో నాకు అనుమానం లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కంప్యూటర్ గదిలో అందరం కూర్చున్నాం. సన్నాయి మోగింది. తెర మీద గులాబీ రేకులు రాలాయి. రేకుల మధ్యలోంచి కొంగ వచ్చింది. పరుగెత్తే కొంగ, ఆగిన కొంగ, నీళ్లు తాగే కొంగ. ఆట సగమైనా బంతి జాడ లేదు. మేం పడీపడీ నవ్వుతున్నాం. సారు తల పట్టుకుని, "అన్నా, బంతేది?" అన్నారు. "బంతికేమన్న నాయిన దుబాయ్ల ఉన్నడా సార్?" అన్నాడు వీడియో మామ, తప్పంతా సారుదే అన్నట్టు. కొంగ వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉంటాడు. ఆట మొదలయ్యే ముందే వాళ్లమ్మ మామ దగ్గరికి వెళ్లి, "తమ్మీ, మా ఆయన సూస్తడు, బిడ్డ మంచిగ కనబడాలె" అని చెప్పిందట. పెళ్లయినా, పుట్టినరోజైనా దూరాన ఉన్న తండ్రి కోసం బిడ్డ మీదే కెమెరా నిలపడం ఆయనకు అలవాటైన పని.

ఇంకొకరైతే అక్కడే ఆపేసేవారు. మా సారు మాత్రం నవ్వాపి, వీడియో వెనక్కి తిప్పి, ఒకచోట నిలిపారు. కొంగ ఒంటరిగా ఉంది. చుట్టూ ఎవరూ లేరు. చేయి ఎత్తి ఉంది. మళ్లీ నడిపి, మళ్లీ నిలిపారు. మళ్లీ చేయి. అలా ఏడుసార్లు. ఏడోసారి ఎత్తిన చేతిని మెల్లగా దించి, అందుకే ఎత్తినట్టుగా జుట్టు సవరించుకుంది. గదిలో ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది.

"గప్పుడు నువ్వేం సూస్తున్నవ్ బిడ్డా?" అన్నారు సారు మెత్తగా.

"బంతిని సార్. నన్నే తీసెయ్యుండ్రి."

"తీసేస్తే నేర్సుకునుడెట్ల? బంతి అచ్చినంక సూసుడు కాదు, అచ్చేముందే సూడాలె."

ఆ వారమంతా ఆయన నా వెనక నిలబడి వేళ్లు చూపించేవారు. బంతి నన్ను చేరేలోపు తల తిప్పి ఎన్ని వేళ్లో చెప్పాలి. ఎంత అలవాటైందంటే, బజారులో కూడా తిరిగి తిరిగి చూస్తుంటే మా అమ్మ భయపడి, "ఎవలన్న ఎంబడవడ్తున్నరా బిడ్డా?" అని అడిగింది.

జగిత్యాలలో ఆట చివరిదాకా సమానంగా సాగింది. ఆఖర్లో బంతి నా వైపు వస్తోంది. తల తిప్పాను. పొడుగాటి చేయి ఒకటి కనిపించింది. ఇచ్చేశాను. కొంగ గోలు కొట్టింది, గెలిచాం. ఆ గోలు మాత్రం వీడియోలో లేదు. ఈసారి కెమెరా నా మీదే ఉంచమని సారు చెప్పారు మరి, మామ మాట తప్పని మనిషి. అందులో ఉన్నదంతా బంతి వదిలేసి, ఖాళీ కాళ్లతో నోరు తెరుచుకుని చూసి, ఒక్కసారిగా ఎగిరిన నేనే. కొంగ వాళ్ల నాన్న దుబాయ్ నుంచి ఫోన్ చేసి నాతో మాట్లాడాడు. "గోలు కనబడలేదు బిడ్డా. నీ మొఖం సూసి నా బిడ్డ కొట్టిందని తెల్సుకున్న."

ఇప్పుడు నాది ఆఫీసు ఉద్యోగం. మీటింగులో మాటంతా నేనే లాక్కుపోతున్నానని అనుమానం వచ్చినప్పుడు ఒకసారి తల తిప్పి చూస్తాను. (కొన్నిసార్లు ఆలస్యంగానే. పాత జబ్బు.) ఎవరో ఒకరు ఎత్తిన చేయి దించి, జుట్టు సవరించుకుంటూ ఉంటారు. "నువ్వు చెప్పమ్మా" అంటాను.